నలభై దగ్గర ముల్లు

పిన్నికి,

రేపు నువ్వు బావ దగ్గర అతని పాత కారు కొంటున్నావని అక్క చెప్పింది. కొనొద్దు.

అందులో ఆయిల్ ప్రెషర్ మీటరు బిగించింది నేనే. మొదట సెన్సారు మరలకు టేపు ఎక్కువ చుట్టేశాను. టేపు అడ్డుపడి కరెంటు అందక ముల్లు కదల్లేదు, బావ పగలబడి నవ్వాడు. టేపు తీసి మళ్లీ బిగించాక మీటరు నిజం చెప్పింది. ఇంజను వేడెక్కగానే ముల్లు సున్నాకి పడిపోతోంది, అంటే లోపలికి ఆయిల్ అందడం లేదు. అలాగే నడిపితే ఇంజను పట్టేసి, పిల్లలతో సహా నడిరోడ్డు మీద ఆగిపోతావు.

బావ మీటరు అద్దం విప్పి, అంతా బాగున్నట్టు కనపడేలా ముల్లును నలభై దగ్గర జిగురుతో అతికించాడు. "పిన్నిగారికి ఇవన్నీ ఏం తెలుస్తాయి? నువ్వు పుస్తకాలు చదువుకో, మరదలా" అన్నాడు. సాయంత్రం ఆ జిగురు వేళ్లతోనే నీ చంటిదాని బుగ్గ గిల్లాడు. నేను లోపలికెళ్లి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నా మాట నమ్మనక్కర్లేదు. ఇంజను ఆగితే ఏ ఆయిల్ మీటరైనా సున్నాకి రావాలి. రేపు బావ ఎదురుగానే ఇంజను ఆపి, ముల్లు వంక చూడు.

నీ అక్క కూతురు