సగం మొగులు ఆగిన చోట

నవంబర్ 3, సోమవారం

పొద్దున్నుంచి ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. సైమన్ సార్ అభిమానుల గ్రూప్‌లో మళ్లీ అదే గొడవ. ఆయన పాడిన ఆల్బమ్‌లలో ఏది గొప్ప, ఏది దండగ. అందరూ "రైలు గేటు" అంటారు. అందులో గిటార్ రైలు లాగే మీదికి వస్తుందని. నిజమే, వస్తుంది. వింటూ నేనూ పక్కకు జరుగుతా.

కానీ నాకు "సగం మొగులు" ఇష్టం. దాని పేరే ఎవరూ ఎత్తరు.

టైప్ చేశా. తుడిచేశా. మళ్లీ చేశా — సగం మొగులు బాగుంటది. పంపేశా. ఫోన్ బోర్లా పెట్టి స్పీకర్ డబ్బాకు స్క్రూలు బిగిస్తూ కూర్చున్నా.

తిప్పి చూస్తే నవ్వే బొమ్మలే. బీదర్ సంతోషన్న రాశాడు, "తమ్మీ, అది ఆల్బమ్ కాదు, గోలీ. ఒక్కటేసుకుంటే నిద్ర పడ్తది."

ఆయన పెళ్లిళ్లలో డ్రమ్స్ వాయిస్తాడు. ఆయనకు తెలిసే ఉంటుంది... ఏమో.

నవంబర్ 4

నవ్వని మనిషి ఒక్కరున్నారు. పేరు లేదు. ఫోటో ఉండాల్సిన చోట జామకాయ, కింద "కోహీర్" అని ఊరు పేరు. రాసింది రెండే మాటలు — "నాకు గూడ."

ఆ రెండు మాటలే చూస్తూ ఉన్నా. టీ చల్లారిపోయింది.

నవంబర్ 5, బుధవారం

పని లేదు. హైవే పక్కన మా ట్రాక్టర్ స్పీకర్ల దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నా. ముంబై వైపు లారీలు. చెరుకు బండ్లు. ఎండ తెల్లగా ఉంది, లారీలు నీళ్లలో పోతున్నట్టు పోతున్నాయి.

ఈ ఆల్బమ్ నాకు మా దుకాణం ఓనరు ఖలీల్ భాయ్ వల్లే తెలుసు. కొత్త ట్రాక్టర్ మీద డబ్బాలు బిగించాక, బండి అప్పజెప్పే ముందు టెస్టు పాట పెట్టాలి. రోడ్డు మీది మిగతా దుకాణాల వాళ్లు డీజే పాటలు పెడతారు, గుండెలదిరేలా. ఖలీల్ భాయ్ "సగం మొగులు"లో మూడో పాట పెడతాడు. లారీ నడిపిన రోజుల నుంచీ ఆ పాటేనట. పాట మధ్యలో అంతా ఆగిపోతుంది. గిటార్, గొంతు, అన్నీ. చాలాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత డ్రమ్ము ఒక్కసారిగా పడుతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఎందుకని అడిగితే అన్నాడు, "మోగేటప్పుడు ఏ డబ్బా అయినా మంచిగనే ఉంటది రే. బంద్ అయినప్పుడు చెవి పెట్టు. గుర్రుమంటే డబ్బా ఖరాబ్."

అట్లా రోజూ ఆ పాటలో ఆగిన చోటునే వింటూ వచ్చా. ఒకరోజు మొత్తం ఆల్బమ్ విన్నా, ఇంటి పైరేకుల మీద పడుకుని. లేచాక కిందికి దిగబుద్ధి కాలేదు.

నవంబర్ 6

గ్రూప్ నడిపే ప్రభాకర్ సార్ పెద్ద మెసేజ్ పెట్టారు. సైమన్ సార్ ఇక స్టేజీ ఎక్కరట. హైదరాబాద్‌లో ఆఖరి ప్రోగ్రాం. ఏదో ఒక్క ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా పాడతారట. ఏదన్నది అభిమానులే చెప్పాలి. పదహారో తారీకు, ఆదివారం ఓట్లు.

ఒక షరతు. ఆల్బమ్ పేరు ఎత్తినవాళ్లు ఎందుకో తమ గొంతుతో చెప్పి వాయిస్ పంపాలి. సైమన్ సార్‌కు చూపు ఆనడం లేదు, చదవలేరు. స్వయంగా వింటారట. వాయిస్ రాని ఆల్బమ్ ఓట్లలోనే ఉండదు.

"రైలు గేటు"కు అప్పుడే ఆరుగురు పంపేశారు. "సగం మొగులు"కు ఎవరూ లేరు.

గొంతుతో. నేను.

నవంబర్ 7, శుక్రవారం

ఆరో తరగతిలో సార్ లేపి పాఠం చదవమన్నాడు. మొదటి మాట దగ్గరే నాలుక అంటుకుపోయింది. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది తర్వాత బడికి పోలేదు. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, కానీ నవ్వు మాత్రం గుర్తుంది.

అందుకే ఇట్లా. ఎవరికీ చెప్పనివి ఫోన్‌లో రాసి నా నెంబర్‌కు నేనే పంపుకుంటా. ఇక్కడ ఎవరూ నవ్వరు.

మధ్యాహ్నం దుకాణం వెనక్కి పోయి మైకు బొమ్మ నొక్కా. నొక్కి పట్టుకుంటే రికార్డ్ అవుతుంది. వేలు వదిలితే గ్రూప్‌కు వెళ్లిపోతుంది, పక్కకు లాగితే చెరిగిపోతుంది. నా ఊపిరే వినిపించింది. పక్కకు లాగేశా.

నవంబర్ 8

గ్రూప్‌లో ప్రభాకర్ సార్, నాకే అన్నట్టు: "బాబూ, ఆ ఆల్బమ్ ఆయన గొంతు ఆపరేషన్ తర్వాత చేసింది. గొంతు లేదు, కేక లేదు. నేను ఆయన మొదటి ప్రోగ్రాం సికింద్రాబాద్‌లో నిలబడి చూసినవాణ్ణి. అభిమానం వేరు, నిజం వేరు."

సంతోషన్న: "డ్రమ్ములు లెక్కవెడితే నాలుగు దెబ్బలు. నాకైతే అసొంటి ఆల్బమ్‌ల పని దొరికితే పండుగే."

కోహీర్ జామకాయ రాసింది: "గొంతు పోయినోళ్లు పాడొద్దా సార్?"



నవంబర్ 9, ఆదివారం

ఈరోజు సంగతి రాయకపోతే నిద్ర పట్టదు.

చిరాగ్‌పల్లి మాణిక్ పటేల్ కొత్త ట్రాక్టర్. పూజ అయ్యింది, బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. డబ్బాలు బిగించా. కొత్త బండిలో మొదట దేవుడి పాటే మోగాలి, అందుకని పటేల్ భజనల మెమరీ కార్డు తెచ్చి జేబులో పెట్టుకున్నాడు. దానికి ముందు మా టెస్టు. ఖలీల్ భాయ్ నమాజుకు పోయాడు. నేనే పాట పెట్టా.

పటేల్ సీటు మీద రాజులా కూర్చుని తలాడిస్తున్నాడు. పాట ఆగింది.

"ఏమైందిరా?"

చెప్పాలి. ఆగండి, అది పాటే, అని. నోరు తెరిచా. రాలేదు.

"ఖతమైందా? ఇయ్యాల్నే కొన్న గదరా! పూజ గూడ చేస్తి!" పాటల డెక్కు మీద రెండు తట్టాడు. దిగాడు. బానెట్ లేపి బ్యాటరీ చూశాడు. నేను చేయి ఎత్తుతూ ఉన్నా, ఆయన చూడటం లేదు. "ఎవని కన్ను వడ్డదో" అంటూ దండ పక్కన పెట్టిన నిమ్మకాయ ఒకటి తీసుకుని డెక్కు చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి... రెండు...

డ్రమ్ము పడింది.

నిమ్మకాయ ఎగిరి రోడ్డు మీద పడింది. పటేల్ ఎగిరి దండ మీద పడ్డాడు. అప్పుడే వచ్చిన ఖలీల్ భాయ్ నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. "అరె పటేల్ సాబ్, దిష్టి పోయింది, ఫికర్ చేయకున్రి!"

"నీ పాట పాడుగాను! నా పాణం పోయింది గదనే!"

చెమట తుడుచుకున్నాడు. నీళ్లు తాగాడు. భజన పెట్టించుకున్నాడు, కళ్లకద్దుకున్నాడు. బండి స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"ఏదీ, గా పాట మళ్లొకపారి పెట్టు."

ఈసారి ఆగిన చోట తల వంచి విన్నాడు, చేయి గాల్లో పెట్టి, డ్రమ్ము ఆయనే కొట్టబోతున్నట్టు. పడ్డాక అడిగాడు, "ఎవడ్రా ఈయన? మంచిగ పాడుకుంట పాడుకుంట గంతసేపు ఎందుకాగిండు?"

నాకు తెలియదు. ఇన్నిసార్లు విన్నా. ఎప్పుడూ అనుకోలేదు.

నవంబర్ 10

పటేల్ అడిగింది గ్రూప్‌లో పెట్టా. ఎందుకు ఆగాడు?

ప్రభాకర్ సార్: "రికార్డింగ్ లోపం అని అప్పట్లోనే అన్నారు."

సంతోషన్న: "డ్రమ్మరు చాయ్ తాగనీకి పోయిండు."

ఇంకెవరో: "కరెంటు పోయిందేమో."

కోహీర్: "ఆపరేషన్ అయినంక ఊపిరి తీసుకోనీకి టైం పట్టింది కావచ్చు. దాన్ని దాచిపెట్టలే. గంతే."

గంతే. రోజంతా ఆ మాటే తిరిగింది నాలో. గ్రైండర్ శబ్దంలో కూడా.

నవంబర్ 11, మంగళవారం

కోహీర్ నుంచి నా ఒక్కడికే మెసేజ్. మొదటిసారి.

"వాయిస్ నువ్వే పంపాలె. నేను పంపరాదు. మా ఇంట్ల నేను పాటలు వింటనని తెల్వదు."

ఎవరు? చదువుకునే అమ్మాయా? పెళ్లయిన ఆమెనా? ఎవరో ముసలాయనా? అడగలేదు. "సరే" అని పెట్టా.

సరే అని ఎందుకు పెట్టా...

నవంబర్ 12

అమ్మ అల్లం చేను నుంచి వచ్చింది. ఇల్లంతా అల్లం వాసన. గోళ్లలో మట్టి గోక్కుంటూ నన్నే చూస్తోంది.

"ఎవలతోని రా, ఫోన్ల చూసుకుంట నవ్వుతున్నవ్?"

"ఎవల్లేరు."

"ఎవల్లేనోళ్లతోనే నవ్వబట్టినవా? మంచిగనే ఉన్నది."

ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఆమె చెవిలో పెట్టా. ఒకటి నాకు. మూడో పాట. ఆగిన చోట అమ్మ కదల్లేదు, నన్నేమీ అడగలేదు. డ్రమ్ముకు కొంచెం ఉలిక్కిపడింది.

"జొరమొచ్చి లేసినోని లెక్క పాడుతున్నడు."

"బాగలేదా?"

"బాగలేదని ఎవలన్నరు? పక్కకు కూసొని మాట్లాడినట్టున్నది. ఒర్రుతలేడు." ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చింది. అల్లం వాసన దానికి అంటుకుంది.

గ్రూప్‌లో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. అమ్మ గొంతు రికార్డ్ చేసి పంపితే? కానీ సొంత గొంతు కావాలన్నారు. సొంత మాట.

నవంబర్ 13

నొక్కా. లాగా. నొక్కా. లాగా.

నవంబర్ 14, శుక్రవారం

పటేల్ ఫోన్ — ఎడమ డబ్బా ఊగుతోందని. ఖలీల్ భాయ్ నన్ను పంపాడు. చిరాగ్‌పల్లి దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి చేను గట్టు మీద నడక. రెండు వైపులా చెరుకు, నాకంటే ఎత్తు. పైన ఒక్కటే మబ్బు, సగం కరిగిపోయి, అచ్చం సగం మొగులే. అదే చూస్తూ నడిస్తే గట్టు జారి కాలువలో కాలు పెట్టా.

డబ్బా బిగించా. రెండు నట్లే. టెస్టు చేయాలి.

పటేల్ మడ్‌గార్డ్ మీద తట్టి, "కూసో" అన్నాడు. పాట పెట్టా. చేను మధ్యలో ఇంత పెద్ద డబ్బాల్లో ఎప్పుడూ వినలేదు. దుకాణం దగ్గర లారీల మోత ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. సైమన్ సార్ గొంతు గరగరగా, చెరుకు మీదుగా పోతోంది.

ఫోన్ తీశా. మైకు నొక్కా. ఎందుకో తెలియదు.

పాట ఆగింది.

డబ్బా గుర్రుమనలేదు. చెరుకు ఆకులు. దూరంగా హైవే, నిద్రలో ఎవరో గురక పెడుతున్నట్టు. ఆ ఖాళీ నా ఎదురుగా ఉంది, తలుపు తెరిచి పెట్టిన గదిలా. లోపల ఎవరూ లేరు. నవ్వేవాళ్లు లేరు.

మాట్లాడా.

తర్వాత విని రాస్తున్నా, ఉన్నది ఉన్నట్టు: "సార్, నా పేరు మల్లేశ్. జహీరాబాద్. నాకు నలుగుర్ల మాట రాదు. మిగిలిన పాటలన్ని వాటి మాటలే చెప్తయి. మీ పాట నడుమ గింత జాగ ఇడిచిపెట్టిన్రు. గా జాగల కూసొని మాట్లాడుతున్న. గీ ఆల్బమ్ పాడున్రి సార్." మధ్యలో రెండుసార్లు తడబడ్డా. వెనక పటేల్ గుసగుస కూడా పడింది — "ఇగో... ఇప్పుడొస్తది సూడు."

డ్రమ్ము.

వేలు ఇంకా నొక్కే ఉంది. రోజూ పక్కకు లాగా.

ఈరోజు వదిలా.

నవంబర్ 15

ఫోన్ అమ్మ దిండు కింద పెట్టి పనికి పోయా. సాయంత్రం చూశా.

సంతోషన్న: "తమ్మీ, గా ఇప్పుడొస్తది అన్న కాకా ఎవరే? ఆయన్ని మా బ్యాండ్ల ఏసుకుంట." దాని కింద: "దెబ్బ వడేముందు నా చేతులు గూడ లేసినయి. అబద్ధం చెప్ప. ఓటు మాత్రం రైలు గేటుకే."

ప్రభాకర్ సార్: "అందింది. పంపించాను."

ఎవరూ నవ్వే బొమ్మ పెట్టలేదు. ఒక్కటి కూడా.

కోహీర్ నుంచి ఏమీ లేదు.

నవంబర్ 16, ఆదివారం

ఓట్లు. "రైలు గేటు" ఎక్కడో పైన ఉంది. "సగం మొగులు" పేరు కింద నాలుగు ఫోటోలు. నాది, జామకాయ ఉన్నాయి అందులో. మిగతా ఇద్దరు ఎవరో తెలియదు.

సాయంత్రం ప్రభాకర్ సార్ మెసేజ్: "సైమన్ గారు వాయిస్‌లన్నీ విన్నారు. జహీరాబాద్ అబ్బాయిది మళ్లీ పెట్టించుకున్నారు. నాతో ఏమీ అనలేదు. ఏం పాడతారో ఆయనే చెప్తారు, ఓట్లు ఎలా ఉన్నా. తన వాయిస్ పంపారు, కింద పెడుతున్నాను."

కింద ఉంది. సైమన్ సార్ వాయిస్, పొడుగు గీత.

దుకాణం కట్టేసే టైం. ఖలీల్ భాయ్ షట్టర్ సగం దించి, "జర జోర్‌గా పెట్టు, నేను గూడ వింట" అన్నాడు. అమ్మడానికి పెట్టిన డబ్బాకు ఫోన్ కలిపా. నొక్కా.

దగ్గు. కుర్చీ జరిగిన చప్పుడు. గిటార్ తీగ ఒకటి, సరిచేస్తున్నట్టు. తర్వాత ఆ గరగర గొంతు — "మల్లేశ్..."

నా పేరు. సైమన్ సార్ నోట్లో.

ఆ తర్వాత ఏమీ లేదు. డబ్బాలోంచి ఏమీ రావడం లేదు. ఖలీల్ భాయ్ ముందుకు వంగాడు, డబ్బా వెనక వైరు పట్టుకున్నాడు. "క్యా హువా? ఖతమైందా రే?"

"ఆగున్రి భాయ్."

గట్టిగానే అన్నా. ఆయన చేయి వైరు మీదే ఆగిపోయింది. నా వైపు చూశాడు, నేనేనా అన్నది అన్నట్టు.

గీత ఇంకా సగమే జరిగింది. అక్కడే నొక్కి ఆపేశా. గ్రూప్‌లో అందరూ వినేసినట్టున్నారు, మెసేజ్‌లు వచ్చి పడుతున్నాయి, చూడటం లేదు. కోహీర్ నుంచి కూడా ఒకటి వచ్చింది, విడిగా, నా ఒక్కడికే. తెరవలేదు.

ముందు ఇది రాస్తున్నా. ఖలీల్ భాయ్ స్టూలు మీద కూర్చున్నాడు, తొందర పెట్టడం లేదు. రోడ్డు మీద లారీలు. మిగతా సగం నా బొటనవేలు కింద ఉంది.