రెండు ఇత్తడి బిళ్ళలు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ నా పుస్తకాలూ కులాసా. అక్కడ నువ్వు, నాన్న, చెల్లి కూడా అలాగే ఉన్నారని తలుస్తున్నాను.

మూడు ప్రశ్నలడిగావు. వేళకు తింటున్నాను. గదిలో నీళ్ళు సరిగ్గానే వస్తున్నాయి. మూడోదానికి కాస్త ఆగు.

నువ్వు పంపిన పుస్తకం అందింది. గోధుమరంగు అట్ట వేసి, మూలలు నీ పద్ధతిలోనే మడిచావు. ఆ మడతలు చూడగానే బడి తెరిచే వారం గుర్తొచ్చింది. నేలంతా కాగితం ముక్కలు. నువ్వు అట్టలు వేస్తుంటే నేను పేర్లు రాసేదాన్ని. తన పేరు పెద్దక్షరాల్లో రాయమని చెల్లి పేచీ. "అంత పెద్దగా రాస్తే సబ్జెక్టు పేరు వీపు మీద రాసుకోవాలే!" అనేదానివి. బడిలో సిస్టర్లు నా చేతిరాతను మెచ్చుకునేవారు. నోరు విప్పదని మాత్రం ప్రతి ప్రోగ్రెస్ కార్డులోనూ రాసేవారు.

ఆ చేతిరాతే ఇక్కడ నాకు ఉపయోగపడింది. గనిలో సర్వేయర్‌కు కొలతలు రాసిపెడతాను. నాతో దిగేది డ్రిల్లర్ అక్క. బండకు రంధ్రం వేస్తూ కూడా కబుర్లు ఆపదు. కింద పనిచేసే ఆడవాళ్ళం ఆరుగురమే. గని ద్వారం దగ్గర ఒక బోర్డు ఉంటుంది. దిగేటప్పుడు మన నంబరున్న ఇత్తడి బిళ్ళను 'కింద' వరుసకు, పైకొచ్చాక 'పైన' వరుసకు మార్చాలి. కింది వరుసలో ఒక్క బిళ్ళ ఉన్నా బండలు పగలగొట్టే పేలుడు జరపరు. ఎవరి బిళ్ళ వాళ్ళే మార్చాలన్నది నియమం. అక్క మాత్రం బూట్లు విప్పే తొందరలో "నాది కూడా మార్చెయ్ పిల్లా" అనేది. రోజూ రెండూ నేనే మార్చేదాన్ని.

ఇక మూడోది. ఉత్తరాలు ఎందుకు చిక్కిపోతున్నాయని అడిగావు. చిన్నప్పుడు జడ వేస్తూ వెనక నుంచే అన్నీ అడిగేదానివి. నీ ముఖం కనబడకపోతేనే నిజం చెబుతానని నీకెలా తెలిసిందో! ఇప్పుడూ అలాగే కూర్చున్నాననుకో.

వానాకాలంలో మా పక్క సొరంగం పైకప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అందుకే నీకు రాయలేదు. ఆ చప్పుడు మాత్రం నా చెవులు వదల్లేదు. నిద్ర కరువైంది. ఒక్క పేజీ కూడా చదవలేకపోయాను. చెబితే అన్‌ఫిట్ అని రాసి పైన కూర్చోబెడతారని నోరు మూసుకున్నాను.

పోయిన నెల ఒకరోజు నేను ముందుగా పైకొచ్చాను. చెయ్యి అలవాటుగా రెండు బిళ్ళలూ మార్చేసింది. అక్క ఇంకా కిందే ఉంది. పేలుడు సైరన్ మోగించబోతుంటే, మా దీపాలు తిరిగి తీసుకునే ల్యాంప్ రూమ్ బాబాయి పరుగున వచ్చాడు. "ఆగండ్రా! ఒక దీపం రాలేదు!"

అక్క పైకొచ్చింది. చెంప వాచిపోతుందనుకుని నిలబడ్డాను. ఆవిడ నా కళ్ళలోకి చూసింది.

"నిద్రపోయి ఎన్నాళ్ళయిందే?"

"కప్పు కూలినప్పట్నుంచి."

"నాకూ అంతే. నేను వాగి వాగి నెట్టుకొస్తున్నా. నువ్వు నోటికి తాళం వేసుకున్నావు."

మేనేజరు దగ్గర నా తప్పు నేనే ఒప్పుకున్నాను. నాతో అలా మార్పించింది తనేనని అక్క చెప్పింది. ఇద్దరినీ, మనసులో బాధ విని ధైర్యం చెప్పే కౌన్సిలరమ్మ దగ్గరికి పంపారు. వారానికోసారి వస్తుందావిడ. ఫస్ట్‌ఎయిడ్ గది పక్కన కూర్చుంటుంది. మగవాళ్ళు దాన్ని ఏడుపు గది అంటారు. మొదటిరోజు గుమ్మం దగ్గరే ఫోర్‌మన్ ఎదురయ్యాడు.

"ఏంటమ్మా, జోడీ కట్టి ఏడవడానికా?"

"రండన్నా, మూడో కుర్చీ ఖాళీగానే ఉంది" అంది అక్క.

ఆయన నవ్వలేదు. కుర్చీ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

నాలుగు వారాలుగా వెళ్తున్నాను. ఇప్పుడు పైనే ఆఫీసులో గని పటాలు గీస్తున్నాను. ఇంకో రెండు వారాలకు నన్ను కిందికి పంపాలో వద్దో తేలుస్తారు. దిగాలనే ఉందమ్మా. ఆ పని నాకిష్టం. నిన్న పదకొండు పేజీలు చదివాను.

"ఇంట్లో ఎవరికి తెలుసు?" అని కౌన్సిలరమ్మ ప్రతివారం అడుగుతుంది. "ఎవరికీ తెలీదండీ" అంటున్నాను. రేపు మళ్ళీ ఆవిడ వచ్చే రోజు. దారిలో ఈ కవరు పోస్టు డబ్బాలో వేసి, ఆ తర్వాతే గదిలోకి వెళ్తాను.

ఇట్లు,
నీ పెద్దపిల్ల