నలభై తొమ్మిది పరుగులు, ఒక ప్రార్థన

టిల్డెన్, టెక్సస్
13 జూన్ 1904

ప్రియమైన అమ్మకు,

నేను క్షేమం. నిన్నటి బేస్‌బాల్ ఆటలో ఓడిపోయాం. అవతలి వాళ్ళకి నలభై తొమ్మిది పరుగులు, మాకు రెండు. నువ్వు సరిగ్గానే చదివావు. మొదటినుంచి చివరిదాకా బంతి విసిరింది నేనే. విసరాల్సిన రెండోవాడికి రైలు తప్పింది.

ఇక్కడ ఆదివారం ఆట నిషేధం. అందుకని పక్క ఊళ్ళో ఆవులు మేసే బీట్లో పెట్టారు. కంచె ఎంత దగ్గరంటే, గట్టిగా తుమ్మినా బంతి అవతల పడుతుంది. నాలుగో ఇన్నింగ్స్ దాకా సిగ్గుపడ్డాను. ఆ తరవాత సిగ్గు కూడా అలిసిపోయింది. సాయంకాలపు వెలుగులో తెల్లటి బంతులు, గూళ్ళకు మళ్ళే కొంగల్లా, ఒకదాని వెనక ఒకటి పీచ్ తోట మీదుగా వెళ్ళిపోతుంటే జనం అరవడం మానేశారు. నేనూ టోపీ తీసి చూస్తూ నిలబడ్డాను. కలలో ఎవరో ఓడిపోతున్నట్టుంది.

మేనేజర్ హాస్కెల్ గారు మాత్రం కల కనలేదు. శనివారం నన్ను పంపించేస్తానన్నారు. ఈ జట్టు వదిలేస్తే నన్ను ఇంకెవరూ తీసుకోరమ్మా.

నీ కొడుకు,
ఎల్డన్

తా.క.: పీచ్ పళ్ళు పంపుతున్నాను. అన్నీ బంతులు తగిలి రాలినవే.

*

మా ఎల్డన్‌కు, అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి కూలబడ్డాను. తప్పంతా నాది నాయనా. ఆదివారం బంతాట వద్దని నీకు చెప్పి చెప్పి విసిగి, చివరికి దేవుడికే చెప్పాను. మీ జట్టు ఓడిపోవాలని, నీకు ఆటమీద విరక్తి పుట్టి ఇంటికొచ్చి మీ మామయ్య పిండిమరలో కుదురుకోవాలని ప్రార్థించాను. నేనడిగింది ఒక్క పరుగు తేడా. చినుకు అడిగితే ఆయన వరద పంపాడు.

నీ చేతి తప్పేమీ లేదని మీ మేనేజర్‌కి చెప్పు.

అమ్మ, లవీనియా

తా.క.: ఆదివారపు ఆటలో రాలిన పళ్ళు తినడం పాపమా అని పాస్టరు గారిని అడిగాను. మూడు తిని, ఇంకా తేలలేదన్నారు.

*

అమ్మా,

నీ ఉత్తరం హాస్కెల్ గారికి చదివి వినిపించాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసేశారు. "అదీ సంగతి! నలభై తొమ్మిదంటే మనుషులు చేసే పనా? పైనుంచి ఆర్డరొస్తే నువ్వేం చేస్తావురా!" అన్నారు. నన్ను తీసెయ్యరట. "ఈసారి మన వైపు ప్రార్థించమని రాయి మీ అమ్మకి" అని కూడా అన్నారు.

ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టింది. తోట మీదుగా పోయిన బంతులన్నీ మెల్లగా తిరిగొచ్చి నా చేతిలో వాలినట్టు కల.

నీ ఎల్డన్

తా.క.: మా జట్టువాడొకడికి పన్ను నొప్పి. దానికీ కారణం మీ అమ్మేనా అని అడుగుతున్నాడు.

*

నాయనా ఎల్డన్,

పోయిన ఆదివారం పాస్టరు గారి చేతిలో పేపరు చూశాను. నలభై తొమ్మిది కొట్టింది మార్లో జట్టట! నువ్వాడేది మార్లోకే కదా అనుకున్నాను. మే నెలలోనే వాళ్ళు నిన్ను టిల్డెన్‌కు అమ్మేశారని ఆ పేపర్లోనే ఉంది. నాకు ఒక్క ముక్క రాయొద్దూ? ఊరూరా తిరిగేవాడివి, టిల్డెన్ కూడా ఒక మజిలీ అనుకున్నాను. ఉత్తరానికి చిరునామా ఉన్నట్టే ప్రార్థనకూ పేరుండాలని, మార్లో పేరు పెట్టే ఓడించమన్నాను. ఆ జట్టే గెలిచింది. అంటే నిన్ను ఓడించింది దేవుడు కాదు. నీ చెయ్యే.

అబద్ధం మీద నీ పని నిలవకూడదని హాస్కెల్ గారికి ఆ రోజే నిజం రాసేశాను. ఇవాళ జవాబొచ్చింది. "అమ్మగారూ, మార్లో ఓడిపోవాలని మీరు కోరితే వాళ్ళు నలభై తొమ్మిది కొట్టారా! మీ అబ్బాయి పని పదిలం. ఇకమీదట మా టిల్డెన్ ఓడిపోవాలని రోజూ ప్రార్థించండి."

మనసులో లేనిది దేవుణ్ణి ఎలా అడగను? పెరట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. తీరా మనసు తడిమి చూసుకుంటే, ఉన్నదే అది. నువ్వు ఓడిపోయి ఇంటికి రావాలనే ఇప్పటికీ నా కోరిక. ఇంకేం ఇబ్బంది? మోకాళ్ళూని, టిల్డెన్ పేరు పెట్టి, నిండు మనసుతో అడిగాను.

నీ ఓటమి కోరే అమ్మ,
లవీనియా

తా.క.: దానివల్ల గెలిస్తే గెలువు. ఆదివారం మాత్రం వద్దు.