బ్రేకులో ఎర్ర ఆయిల్

జనవరి 19, ఆదివారం

ఇవాళ కారు పనంతా నేనే చేసుకున్నాను. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూస్తే ఇంజిన్ ఆయిల్ తక్కువగా ఉంది. యూట్యూబ్‌లో చెప్పిన గ్రేడే సత్తెనపల్లి అంతా తిరిగి తెచ్చి పోశాను. రేడియేటర్‌లో కూలెంట్ కూడా కలిపాను. ఇదివరకు కుళాయి నీళ్ళు పోసేవాళ్ళం. లోపల తుప్పు పడుతుందని మొన్ననే ఒక వీడియోలో చూశాను.

చేతులు నల్లగా అయ్యాయి. గోళ్ళలో మసి. ఎంత హాయిగా ఉందో.

మా ఆయన కరీముల్లా తన విత్తనాల షాపు నుంచి వచ్చి బానెట్ ఎత్తి ఉండటం చూసి నవ్వారు. ఈసారైనా పెట్రోలు కారేనని గుర్తుందా అన్నారు. కారు కొన్న మొదటి వారం బంకులో నేను డీజిల్ కొట్టమన్నాను. బంకు మనిషి మూత చూసి ఆగాడు కాబట్టి సరిపోయింది. లైన్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మూడేళ్ళయింది. ఆయన ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ ఆ కథ చెప్తారు. సిద్దికా టీచర్ డీజిల్ కథ అంటే మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు.

చెప్పుకోనీ. ఇప్పుడు ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసు.

జనవరి 29, బుధవారం. సాయంత్రం 5.30

బడి నుంచి వస్తుంటే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. గుండ్రంగా, మధ్యలో ఆశ్చర్యార్థకం. ఫోన్‌లో చూశాను. బ్రేక్ ఫ్లూయిడ్ తక్కువట. మెకానిక్ మాలిక్ షెడ్డుకి వెళ్దామనుకున్నాను. అక్కడ ఎప్పుడూ నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. వాళ్ళ ముందు మళ్ళీ డీజిల్ మాట వస్తుంది.

ఇంటికే వచ్చేశాను. మా ఆయన పాత మినీ లారీ అమ్మేసినప్పుడు మిగిలిన డబ్బాలు వరండా అలమరలో ఉన్నాయి. అందులో ఒక సగం సీసా ఎర్ర ఆయిల్. లేబుల్ చిరిగిపోయింది. బ్రేక్ ఆయిల్ అనే అనుకున్నాను. బానెట్ ఎత్తి, బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి, మాక్స్ అని ఉన్న గీత దాకా పోశాను. స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయింది.

ఎవరినీ అడగలేదు. సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 6, గురువారం

బ్రేకు కొంచెం లోపలికి వెళ్తున్నట్టుంది. పాత కారు కదా.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మా బడిలో సీనియర్ సుబ్బరావమ్మ గారికి రేపు గుంటూరు కంటి ఆసుపత్రిలో చూపించుకోవాలట. శుక్లాలు. కొడుకు బాలుకి మిర్చి కోల్డ్ స్టోరేజీలో లోడింగ్ రోజులు, సెలవు దొరకదు. కారు ఇస్తావా సిద్దికా అని అడిగారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ళు ఆవిడ తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టారు.

గుంటూరు ట్రాఫిక్కులో నడపాలంటే నాకు భయం. మార్కుని పంపుతానన్నాను. మార్కు ప్రైవేటు స్కూలు వ్యాను డ్రైవరు. సెలవు రోజుల్లో దూరం వెళ్ళాలంటే మా కారు అతనే నడుపుతాడు. రేపు రెండో శనివారం, వ్యాను ఉండదు.

ఫిబ్రవరి 8, శనివారం

యాక్సిడెంట్ అయింది. సుబ్బరావమ్మ గారికి కాలు విరిగింది. ప్రాణాలతో ఉన్నారు. ఇంకేం రాయలేను.

ఫిబ్రవరి 9, ఆదివారం

హాస్పిటల్ నుంచి వచ్చాను.

నిన్న ఉదయం ఏడింటికి మార్కు తాళాలు తీసుకుని, కారు వీధి చివరి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. బ్రేకు మెత్తగా ఉంది మేడమ్, మాలిక్ షెడ్డులో ఒకసారి చూపించి వెళ్తానన్నాడు. షెడ్డు తీసేది తొమ్మిదింటికి. ఆవిడ టోకెను పదింటికి. మొన్ననే అన్నీ చూశాను, ఏం కాదు, నెమ్మదిగా వెళ్ళమన్నాను.

అన్నీ చూశాను అన్నాను.

పేరేచర్ల ఇంకో రెండు కిలోమీటర్లుందనగా, ముందు వెళ్తున్న మిరప బస్తాల ట్రాక్టరు ఆగిందట. మార్కు తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయిందట. ఏమీ పట్టలేదు. ఎదురుగా బస్సు వస్తోంది. హ్యాండ్ బ్రేకు లాగుతూ ఎడమ పక్క పత్తి చేలోకి దించేశాడు. చేలో నీళ్ళు పారే బోదె గట్టుకి కొట్టుకుని ఆగింది. ముందు సీట్లో కూర్చున్న ఆవిడకి మోకాలి కింద ఎముక విరిగింది. మార్కుకి నుదుటి మీద అయిదు కుట్లు.

బాలు హాస్పిటల్ వరండాలో అందరి ముందు అతని కాలర్ పట్టుకున్నాడు. ఫోన్ మాట్లాడుతూ నడిపుంటాడని ఒకరన్నారు. పొద్దున్నే వేసుకుని వచ్చి ఉంటాడని ఇంకొకరు. మార్కు మందు ముట్టడు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు. ఫలానా పేటవాడు, డ్రైవరు, అంతే. సరిపోయింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

కారుని మాలిక్ షెడ్డుకి లాక్కొచ్చారు. బడి అవగానే వెళ్ళాను.

మాలిక్ బానెట్ ఎత్తి, బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి చూపించాడు. మూత లోపలి రబ్బరు ఉబ్బి, నానిన శనగలా ఉంది. తిరిగి పెడితే పట్టలేదు. లోపల ఎర్రగా ఆయిల్. ఇది పవర్ స్టీరింగ్ ఆయిల్ టీచరు గారూ, బ్రేకులో పోస్తే లోపల రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, ఇంక బ్రేకు పట్టదు అన్నాడు. అసలు ఆ లైటు వెలగడానికి కారణం బ్రేక్ ప్యాడ్లు అరిగిపోవడమట. ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ పడిపోతుందట. పై నుంచి పోయాల్సిన అవసరమే లేదట.

ఎవరు పోశారు అని అడిగాడు.

తెలియదు అన్నాను.

నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది. మాలిక్ తల ఊపాడు. అయితే మార్కే పోసి ఉంటాడు, డ్రైవర్లకి ఇదొక తెగులు, ఏది దొరికితే అది పోసేస్తారు అన్నాడు. షెడ్డులో కూర్చున్న నలుగురూ అవునవునన్నారు. హ్యాండ్‌బ్యాగు సర్దుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 12, బుధవారం

నిన్న మాలిక్ చూపించిన మూత మీదే రాసి ఉంది. డాట్ త్రీ రకం బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రమే వాడాలి, సీలు తీయని డబ్బాలోది మాత్రమే పోయాలి అని. చిన్న అక్షరాలు, కానీ చదవగలిగినవే. పందొమ్మిదేళ్ళుగా పిల్లలకి చదవడం నేర్పుతున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

గ్లవ్ బాక్సులోంచి తెచ్చిన మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివాను. ఏ పెట్రోలు, ఏ ఆయిలు, ఎంత కూలెంటు, బ్రేకులో ఏది, స్టీరింగ్‌లో ఏది, దేన్ని దేంతో కలపకూడదు. అన్నీ ఒకే ఒక్క పేజీలో ఉన్నాయి. మూడేళ్ళలో ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు నేను. వీడియోలు చూశాను.

ఫిబ్రవరి 15, శనివారం

మార్కు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కుట్లు ఇంకా తీయలేదు.

ఆయిల్ అతనే పోశాడని ఊరంతా పాకిందట. బాలు స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చాడట. రాష్ డ్రైవింగ్, నిర్లక్ష్యం. లైసెన్సు పోతుందని ఎవరో చెప్పారట. స్కూలు వాళ్ళు కేసు తేలేదాకా వ్యాను ముట్టుకోవద్దన్నారట.

నా మీద కోపంగా వస్తాడనుకున్నాను. అలా రాలేదు. నేనెప్పుడైనా మీ కారు బానెట్ ఎత్తానా మేడమ్ అని అడిగాడు. లేదన్నాను. ఆ ఒక్క మాట ఎస్సై గారికి చెప్పండి, మీరు టీచరు, మీ మాట వింటారు అన్నాడు.

సోమవారం వెళ్ళి చెప్తానన్నాను. దండం పెట్టి వెళ్ళిపోయాడు. గేటు చప్పుడు కాకుండా వేశాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 18

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మార్కు మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తున్నాడట. ఘాటుకి నుదుటి మీద గాయం మండుతుంటే తడి తువ్వాలు కట్టుకుని మోస్తున్నాడట. మా ఆయన చూసి వచ్చి అన్నం తింటూ చెప్పారు. పాపం అన్నారు. ఆయనకి తెలియదు కాబట్టి అన్నం దిగింది.

ఫిబ్రవరి 24, సోమవారం

ఆయనకి చెప్పేశాను. ముందు అర్థం కాలేదు. తర్వాత లేచి అలమర దగ్గరికి వెళ్ళి ఆ సీసా తీసి చిరిగిన లేబుల్ తిప్పి చూశారు. నవ్వుతారేమోనని భయపడ్డాను. నవ్వి ఉంటేనే బాగుండేది.

ఎవరికీ చెప్పొద్దన్నారు. గవర్నమెంటు ఉద్యోగం, కేసు నీ మీద పడుతుంది, సస్పెండ్ చేస్తారు, అంతగా అయితే మార్కుకి వేరే చోట డ్రైవరు పని నేనే చూస్తాను అన్నారు. మరి లైసెన్సు లేకుండా డ్రైవరు పని ఎలా అన్నాను.

సీసా మళ్ళీ అలమరలో పెట్టి, చిన్న గొంతుతో అడిగారు. మాలిక్ దగ్గరికి ఎందుకెళ్ళలేదు సిద్దికా?

మీ డీజిల్ కథ వల్ల అని నోటి దాకా వచ్చింది. అనలేదు. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఆ మూత తీసింది నా చెయ్యి. తెలియదు అన్నది నా నోరు.

మార్చి 1, శనివారం

సుబ్బరావమ్మ గారింటికి వెళ్ళాను. మంచం మీద ఉన్నారు, కాలు దిండు మీద. బాలు పనికి వెళ్ళాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. లైటు వెలిగిన దగ్గర్నుంచి, మార్కు వెనక్కి వచ్చి అడిగిన దాకా, మాలిక్ దగ్గర అబద్ధమాడిన దాకా.

నీకు ఎప్పటి నుంచి తెలుసు అని ఆవిడ అడిగారు. పదకొండో తారీకు నుంచి అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. పద్దెనిమిది రోజులు అన్నారు.

కాలు సంగతి నేను మర్చిపోతాను సిద్దికా, అది తెలియక చేశావు. ఈ పద్దెనిమిది రోజులూ తెలిసి చేశావు. అవి నావి కావు, క్షమించడానికి. అతన్ని అడుగు.

మంచినీళ్ళు కావాలా అని నేనడిగితే వద్దన్నారు.

అక్కడి నుంచే మార్కు ఇంటికి వెళ్ళాను. కొట్టంలో ఒంటరిగా కూర్చుని చేతులకి కొబ్బరి నూనె రాసుకుంటున్నాడు. కారం మంటకి. చెప్పాను. తల ఎత్తలేదు. ఆ రోజు మీరు అన్నీ చూశానన్నప్పుడే అనుమానం వచ్చింది మేడమ్ అన్నాడు. మరి ఎస్సైకి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పానన్నాడు. టీచరు మీద నెడతావా అని తిట్టారట.

క్షమించమన్నాను. నాకు చెప్పేదేముంది, నాకు ముందే తెలుసు, తెలియనిది మా పేటకి, రేపు చర్చిలో ప్రార్థన అయ్యాక వచ్చి అక్కడ చెప్పండి అన్నాడు.

మార్చి 2, ఆదివారం

రంజాన్ మొదటి రోజా. తెల్లవారుజామున సహరీకి లేచి మంచినీళ్ళు మాత్రం తాగాను.

పదకొండున్నరకి వెళ్ళాను. మా ఆయన వస్తానన్నారు. వద్దన్నాను. అయినా స్కూటర్ మీద వెనకే వచ్చి మలుపు దగ్గర ఆగిపోయారు. జనం చర్చిలోంచి బయటికి వస్తున్నారు. తెల్ల చీరలు, బైబిళ్ళు, పిల్లలు. నా దగ్గర చదివిన పిల్లలు ఇద్దరు ముగ్గురు నమస్తే టీచర్ అన్నారు. మార్కు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కన అతని భార్య తేజశ్రీ. ఆ అమ్మాయి నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను.

రోజూ నలభై మంది పిల్లల ముందు అరిచి పాఠం చెప్పేదాన్ని. చిన్నగా మొదలుపెట్టాను. ఎవరో ముసలాయన గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు అన్నాడు. గట్టిగా చెప్పాను. కారులో తప్పుడు ఆయిల్ పోసింది నేను. బ్రేకు బాగాలేదని మార్కు చెప్పినా పంపింది నేను. అతను ఆ బస్సు కింద పడకుండా తప్పించాడు. అబద్ధం చెప్పింది నేను.

ముసలాయన కుర్చీ తెమ్మన్నాడు. కూర్చోలేదు. ఒకావిడ మంచినీళ్ళు తెచ్చింది, రోజా అన్నాను. ఆ గ్లాసు ఆవిడే తాగేసింది, నా వంకే చూస్తూ.

మార్చి 3, సోమవారం

స్టేషన్లో రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఎస్సై గారు రెండుసార్లు చదివి, ఇది మీరే రాశారా, ఎవరైనా రాయించారా అని అడిగారు. నేనే రాశానన్నాను. మాలిక్ కూడా వచ్చి తను చూసింది చెప్పాడు. మార్కు మీద కేసు తీసేస్తామన్నారు. నా సంగతి పైవాళ్ళు చూస్తారట. బడిలో హెడ్మాస్టరు గారికి కూడా చెప్పేశాను. చెప్పేశాక ఆకలి వేసింది. ఇఫ్తార్‌కి ఇంకా మూడు గంటలుంది.

మార్చి 10, సోమవారం

మార్కు మళ్ళీ వ్యాను ఎక్కాడు. మా వీధిలోంచే వెళ్తుంది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. అతను రోడ్డు వంకే చూశాడు. డ్రైవరు చూడాల్సింది రోడ్డునే.

మార్చి 14, శుక్రవారం

విద్యాశాఖ నుంచి మెమో వచ్చింది. వివరణ అడిగారు. అరపేజీలో రాశాను. కొట్టివేతలు లేవు.

కారు షెడ్డు నుంచి వచ్చింది. బ్రేకు మాస్టర్ సిలిండర్, రబ్బర్లు, పైపులు, ప్యాడ్లు, అన్నీ కొత్తవి. మాలిక్ సీలు డబ్బా నా ఎదురుగా తెరిచి పోశాడు. పోసే ముందు డబ్బా మీద అక్షరాలు నాతో చదివించాడు. షెడ్డులో కూర్చున్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు. కారు ఇంటి ముందు పెట్టాను. ముట్టుకోవడం లేదు. బడికి బస్సులో వెళ్తున్నాను.

మార్చి 22, శనివారం. ఉదయం 9.40

సుబ్బరావమ్మ గారు ఫోన్ చేశారు. సోమవారం కట్టు విప్పుతారట, గుంటూరు వెళ్ళాలట. కారు ఉందా అని అడిగారు.

ఉందన్నాను.

ఎవరు నడుపుతారని అడగలేదు. సోమవారం మార్కుకి వ్యాను ఉంటుందని ఆవిడకీ తెలుసు. ఏడింటికి సిద్ధంగా ఉంటానని పెట్టేశారు.