నూట పన్నెండో పేజీ

3వ తేదీ

బావగారికి నమస్కారం.

నిన్న మధ్యాహ్నం మూడుంబావుకి మీ లెక్క తేలింది. దర్జీల వీధి మీద మీరు రాసిన పుస్తకాన్ని ఇప్పటిదాకా అరవై మూడుసార్లు ఉదహరించారు. మా గ్రంథాలయంలో మానవశాస్త్రానికి ఇంతకన్నా పెద్ద అంకె లేదు. ఈ ఏడాది ప్రభావ పురస్కారం మీకేనని కమిటీ గుమస్తా నా చెవిన వేశాడు. సభ 24న.

అరవై మూడులో యాభై ఎనిమిది ఒక్క వాక్యానికే వచ్చాయి. నూట పన్నెండో పేజీ: "ఈ వీధి దర్జీలు గుడ్డ కత్తిరించే ముందు కత్తెరను గాల్లో మూడుసార్లు ఆడిస్తారు. అది గతించిన గురువుకు వందనం." అక్కకి చదివి వినిపించండి.

ఇట్లు,
లెక్కల విభాగంలోని మీ బావమరిది

తా.క.: మిగతా అయిదులో నాలుగు మిమ్మల్ని మీరే ఉదహరించుకున్నవి. అయిదోది ఒక పాత పత్రికలో ఉంది. ఆ కట్ట అటక మీద ఉంది. నిచ్చెన సున్నాలవాళ్లు పట్టుకెళ్లారు.

7వ తేదీ

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి మీ అక్కకి వినబడేలా. ఇరవై ఆరేళ్ల కిందట ఆ వీధిలో పదకొండు నెలలు ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నా నడుము ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు. ఆ కష్టం కమిటీకి తెలియాలి. సజీవ సాక్ష్యం ఏదైనా ఉంటే ఫైలుకి జతచెయ్యి. అప్పటి నా ఫొటోలు రెండు పంపుతున్నాను.

ఇట్లు,
మీ బావ

తా.క.: కత్తెర వాక్యం దగ్గర మీ అక్క నవ్వి, పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

12వ తేదీ

బావగారికి నమస్కారం.

సజీవ సాక్ష్యం అన్నారు కదా అని దర్జీల వీధికి వెళ్లాను. అప్పటి పెద్ద దర్జీ ఉన్నాడు. వయసు ఎనభై ఒకటి. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టించి, కమిటీకి పంపేశాను:

"కత్తెర రెక్కల మధ్య నూలుపోగులు ఇరుక్కుంటాయి బాబూ. మూడుసార్లు ఆడిస్తే రాలిపోతాయి. ఆయన రోజూ ఎందుకు, ఎందుకు అని అడిగేవారు. పోగులకండీ అంటే రాసుకునేవారు కాదు. పాపం, కాగితం ఖాళీగా ఉండిపోతోందని ఓ రోజు మా గురువుగారికి దండం అన్నాను. పేజీ నిండా రాసుకున్నారు."

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: రాసుకున్నంతసేపూ దస్తూరీ మీదే నా ధ్యాస. పంపేశాక అర్థం తలకెక్కింది. పదకొండు నెలల్లో ఒక్క చొక్కా కూడా ఎందుకు కుట్టించుకోలేదో పెద్ద దర్జీ మిమ్మల్ని అడగమన్నాడు.

16వ తేదీ

బావమరిదికి,

నీ మీద కోపం లేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఉన్నమాట చెబుతాను. ఆ పుస్తకం అచ్చుకి వెళ్లకముందే మీ అక్క ఆ వీధికొచ్చి, పది నిమిషాలు చూసి, "పోగులు దులుపుకుంటున్నారండీ" అంది. "నువ్వు చూసింది పోగులు, నేను చూసింది భావం" అన్నాను. ఆ మాట అంటూ కళ్లజోడు కూడా సవరించుకున్నాను. ఆ కళ్లజోడునే అంతమంది నమ్మారు. వాళ్లలో ముగ్గురు నా శిష్యులు. పురస్కారం వద్దని, కారణంతో సహా, కమిటీకి ఇవాళే రాశాను.

ఇట్లు,
బావ

తా.క.: ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నావని మీ అక్కని అడిగాను. "ఊరుకున్నానని ఎవరన్నారు?" అంది.

20వ తేదీ

బావగారికి నమస్కారం.

నిచ్చెన తిరిగొచ్చింది. కట్ట దింపాను. మీ పుస్తకం వెలువడిన మూడో నెలలో, ఆ పత్రిక పాఠకుల లేఖల్లో, నాలుగు వాక్యాలు: "నూట పన్నెండో పేజీ తప్పు. అది వందనం కాదు, నూలుపోగులు దులపడం. రచయిత మంచివారే. చెబితే వినరు." కింద అక్క పేరు.

ఆ లేఖకీ లెక్క తీశాను. ఉదహరించినవాళ్లు సున్నా.

కమిటీ మీ ఉత్తరం చదివింది. ఫారంలో ప్రభావానికి గడి ఉందట, తప్పొప్పులకి లేదట. పైగా ఆహ్వానాలు అచ్చయిపోయాయి. కాబట్టి సభ 24న ఉదయం పదిన్నరకే. పదీ నలభైకి మీ ప్రసంగం, ఏడు నిమిషాలు. అది సభ ప్రత్యేక సంచికలో అచ్చవుతుంది. అందులో మీరు ఎవరిని ఉదహరించినా మా లెక్కలోకి వస్తుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ముందు వరసలో అక్కకీ పెద్ద దర్జీకీ కుర్చీలు వేయించాను. అక్క కాగితం మీద సున్నా పెన్సిలుతోనే రాశాను. పదీ నలభై ఏడుకి రబ్బరు పట్టుకుని సిద్ధంగా ఉంటాను.