సందు ఉన్న చోటు

అక్టోబర్ 5, శనివారం

మొన్నటి ‘నిలకడ’ కాలమ్‌కి మంచి పేరొచ్చింది. యుద్ధం జరుగుతుండగా ప్రభుత్వాన్ని ప్రతిదానికీ నిలదీయడం, ఇల్లు కాలుతుంటే బావి ఎవరు తవ్వించారని తగువు పడటం లాంటిదని రాశాను. కొత్త ఆర్డినెన్స్ కావాల్సిందే. అవసరమైన స్థలం అడగకుండా తీసుకోనీ, పనికిమాలిన రాతలు ఆపనీ. గెలిచాక నిలదీద్దాం. సైనికులకి ఇంటి కష్టాలు రాసి మనసు చెడగొట్టొద్దని కూడా చివర్లో చేర్చాను.

ఎడిటర్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. అక్క మాత్రం కుట్టుమిషన్ ఆపకుండానే, అక్కడ వాళ్లకి సరిపడా స్వెట్టర్లు ఇస్తున్నారో లేదో అది కూడా రాయొచ్చుగా అంది. ఆమె కొడుకు సరిహద్దుకి వెళ్లి నెల. నాకున్న ఒక్కగానొక్క మేనల్లుడు.

మార్చి 7, శుక్రవారం

మా సందులో గోడలన్నిటికీ నోటీసులు. సిటీ రెన్యూవల్. సందు ఇరుకట, బాంబు పడితే ఫైరింజన్ రాలేదట. ఇళ్లన్నీ తీసేసి వెడల్పాటి రోడ్డు వేస్తారట. రోడ్డు పక్కన షాపింగ్ కాంప్లెక్స్. కాంప్లెక్స్‌కీ యుద్ధానికీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. పది రోజుల్లో ఖాళీ చేయాలి.

ఏ చట్టం కింద అని కళ్లజోడు పెట్టుకుని చూశాను. అదే ఆర్డినెన్స్. తాను తీసిన గోతిలో అని ఏదో సామెత ఉంది. రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 8, శనివారం

అక్క ఒక్క గిన్నె కూడా సర్దలేదు. కొడుకు ఈ మెట్లు కళ్లు మూసుకుని ఎక్కుతాడట. బ్లాకౌట్‌లో వచ్చినా తడుముకోడట. తిరిగొచ్చేసరికి ఇల్లు ఇలాగే ఉంటుందని బస్సు దగ్గర వాడికి మాటిచ్చిందట. నన్ను పేపర్లో రాయమంది. ఇన్నేళ్లలో నన్ను ఇది రాయి అని గట్టిగా అడగడం ఇదే మొదలు.

నేను మార్పంటే గిట్టనివాణ్ణి. అందుకే యుద్ధంలో క్రమశిక్షణ కావాలన్నాను, అందుకే పాత వీధుల జోలికి పోవద్దంటున్నాను. రెండూ ఒకటే మాట అనుకుంటూ వచ్చాను. ఇవాళ ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి.

మార్చి 11, మంగళవారం

రాశాను. తాతలు కట్టింది కూల్చి దేశాన్ని కాపాడతామంటే, కాపాడేది దేన్ని అని అడిగాను. అక్కకి చదివి వినిపిస్తే మిషన్ ఆపి విన్నది. గుమ్మంలో నిలబడి విన్న ఇస్త్రీ ఆయన, మాస్టారూ కడుపు నింపారు అన్నాడు. సందంతా ఒకటే సందడి. నా కాలమ్ వచ్చే గురువారం కోసం ఎదురుచూస్తున్నారు.

మార్చి 12, బుధవారం

కత్తెర మొత్తం కొట్టేశాడు. కత్తెర అంటే మా ఆఫీసులో కూర్చునే సెన్సార్ అధికారి. మర్యాదస్తుడే, టీ తెప్పించాడు. ఈ అధికారం తనకి ఉండాలని నా అంత బాగా ఎవరూ రాయలేదని నవ్వాడు. ఎడిటర్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మార్చి 13, గురువారం, ఉదయం

పేపర్ చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కత్తెర కొట్టేసిన చోటు తెల్లగా వదలకూడదు, జనానికి తెలిసిపోతుంది. కాబట్టి పేజీ పెట్టే ఆయన అదే మనిషి పాత కాలమ్ ఒకటి, అంతే పొడవున్నది, తీసి వేసేస్తాడు. చదవడు, కొలుస్తాడంతే. నిన్న ఆయనకి సరిగ్గా సరిపోయింది అక్టోబర్‌ది. ఆర్డినెన్స్ కావాల్సిందే అన్నది. నా ఫోటోతో సహా.

ఇస్త్రీ ఆయన నా చొక్కాలు ముడతలతోనే తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు. అక్కకి జరిగిందంతా చెప్పాను. రెండుసార్లు చెప్పాను. పేపర్ మడిచి నా చేతికిచ్చింది.

“నాకు చదివింది ఒకటి, అచ్చేయించింది ఇంకోటి. బాగుందిరా.”

మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

మార్చి 17, సోమవారం

బుల్‌డోజర్ వచ్చింది. మధ్యాహ్నానికి మెట్లు లేవు.

మార్చి 21, శుక్రవారం

ఊరి చివర అద్దె గది. అక్క నాతో మాట్లాడదు. ఇంటావిడని పిలిచి, మా తమ్ముడిని అన్నానికి రమ్మనండి అంటుంది. నేను రెండడుగుల దూరంలోనే ఉంటాను. ఇంటావిడకి మొదట నవ్వొచ్చింది, ఇప్పుడు రావడం లేదు.

ఇల్లు పోయిన సంగతి అక్క వాడికి రాయనే లేదు. సైనికులకి కష్టాలు రాయొద్దని పేపర్లో వేశారు కదా అందట, ఇంటావిడతో.

మార్చి 27, గురువారం

ఆఫీసుకి ఫోన్. మేనల్లుడు. అవతల ఒకటే గోల, నవ్వులు.

“మామయ్యా, నీ కాలమ్ ఇవాళే మా క్యాంపుకి చేరింది. అందరికీ గట్టిగా చదివి వినిపించా. సరిగ్గా చెప్పావు. నాకు సెలవిచ్చారు, ఆదివారం సాయంత్రం బస్సుకి వస్తున్నా. అమ్మకి చెప్పకు, తిన్నగా ఇంటికే వచ్చేస్తా.”

ఒరేయ్, ఇల్లు, అన్నాను. లైన్ తెగిపోయింది. అయినా తెగేలోపు చెప్పే వ్యవధి ఉంది. నాకే నోరు రాలేదు.

మార్చి 28, శుక్రవారం

వాడు వస్తున్నాడని అక్కకి చెప్పేశాను. చాలాసేపు దారం చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత నన్నే అడిగింది, ఇంటావిడని కాదు. మన మెట్లు ఎక్కడుండేవో గుర్తుపట్టగలవా అని.

మార్చి 30, ఆదివారం

మా మెట్లు ఉండే చోట, పరిచిన కంకర మీద అక్క స్టూలు వేసుకుని కూర్చుంది. నేను కాస్త అవతల నిలబడ్డాను. మసక పడింది. బ్లాకౌట్, దీపాలు వేయరు కదా. వాడు సంచీ భుజాన వేసుకుని, సందు కోసం వెతుక్కుంటూ మా ముందునుంచే వెళ్లిపోయాడు.

అక్క పిలవలేదు. పిలవాల్సింది నువ్వే అన్నట్టు నా వైపు చూసింది.

నేను వాడి భుజం మీది సంచీనే చూస్తూ నిలబడ్డాను.