నాన్న కారు మార్చేశాను

డెట్రాయిట్,
ఆదివారం

వెండెల్ అన్నయ్యా,

నాన్న అరవై తొమ్మిదిలో కొన్న కారులో ఒక్క బోల్టు కూడా మార్చొద్దన్నావు. మార్చేశాను. కొత్త ఇంజను పెట్టించాను. క్లచ్ తీయించి, బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తో నొక్కేలా అమర్పించాను. ప్రమాదంలో కాళ్లు పోయాక లొరెటా అక్క ఆ కారు వైపే చూడలేదు కదా.

నిన్న స్టీరింగు ముందు కూర్చోబెడితే కాసేపు ఏడ్చింది. తర్వాత, "బెల్టు పెట్టుకోరా, పిరికిగొడ్డూ!" అంది. అప్పట్లో మనిద్దరినీ ఎక్కించుకుని ఉడ్‌వర్డ్ రోడ్డు మీద ఎలా దూసుకుపోయేదో, అలాగే తోలింది. ఈ వయసులోనూ నేను కేకలు పెట్టాను.

కోపముంటే నన్ను తిట్టు. అక్కకి మాత్రం ఫోన్ చేసి, కారు బాగుందని ఒక్క మాట చెప్పు. "అన్నయ్య ఒప్పుకున్నాడా?" అని అడిగితే, ఒప్పుకున్నాడని చెప్పేశాను.

నీ తమ్ముడు